రైష్‌టాగ్ జెండా ఫొటోలో ఆ కుడిచేతికి ఉన్నది వాచీయా, దిక్సూచా?

అందరికీ నమస్తే. మా తాతయ్య ట్రంకుపెట్టెలో ఏదో పాత పత్రిక నుంచి కత్తిరించిన ఫొటో దొరికింది. 1945 మే 2న బెర్లిన్‌లో, రైష్‌టాగ్ (జర్మనీ పార్లమెంటు భవనం) పైకప్పు మీద సోవియట్ సైనికుడు ఎర్రజెండా ఎగరేస్తున్న ఫొటో. కింద శిథిలమైన వీధులు. తీసింది టాస్ వార్తాసంస్థ ఫొటోగ్రాఫర్ యెవ్గేనీ ఖల్దేయ్. జెండా కూడా ఆయనే మాస్కో నుంచి పట్టుకెళ్లాడట, ఎర్రటి టేబుల్ గుడ్డలతో కుట్టించి మరీ!

కింద నుంచి ఆసరా ఇస్తున్న అధికారికి అసలు ఫొటోలో రెండు చేతులకూ వాచీలున్నట్టు కనిపిస్తుందట. దోచుకున్నవి అనుకుంటారని కుడిచేతిది ఖల్దేయ్ సూదితో గీకేశాడు. తర్వాత ఆకాశంలో పొగ కూడా దట్టించాడు. మా కాగితంలో కుడి మణికట్టు ఖాళీ, పైన నల్లటి పొగ. అంటే దిద్దిన కాపీయే.

అది వాచీ కాదు, సైనికులు చేతికి కట్టుకునే దిక్సూచి అని కొందరంటారు. పెద్ద ప్రింటు దగ్గరగా చూసినవాళ్లు ఉంటే చెప్పండి, ఏమనిపించింది? దిద్దని ఫ్రేమూ, ఆయన బెర్లిన్‌లో తీసిన మిగతా ఫొటోలూ మంచి క్వాలిటీలో ఎక్కడ చూడొచ్చు?

ఇంకోటి. కాగితం మడతల దగ్గర చిరుగుతోంది. ల్యామినేషన్ చేయించెయ్యమని మా తమ్ముడి గోల. నాకేమో భయంగా ఉంది. చేయించొచ్చా?