‘కొండకీ కడలికీ మధ్య’: అడవా, చిట్టడవా?

ప్రశ్న:
ఐస్‌లాండ్ చరిత్ర మీద ఒక వ్యాసం తెలుగు చేస్తూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. 12వ శతాబ్దంలో అరి థోర్గిల్సన్ ‘ఈస్లెండింగాబోక్’లో రాసినది. నార్వే జనం వచ్చి దిగిన కాలంలో, అంటే 870 ప్రాంతంలో, ఆ దీవి ‘ఫ్యాల్స్ ఓక్ ఫ్యోరు’ మధ్య చెట్లతో నిండి ఉండేదట. మొదటి మాట కొండ, రెండోది సముద్రపు ఒడ్డు. ఫకి ఫ కలిసింది కదా అని ‘కొండకీ కడలికీ మధ్య అంతా అడవే’ అన్నాను. కుదిరిందా?

జవాబు:
కకి క బాగానే కలిసింది. కానీ కడలంటే నీళ్ళు కదండీ, ఆయన చెప్పింది ఒడ్డు. ‘గట్టుకీ ఒడ్డుకీ’ అంటే? మా కరీంనగర్ వైపు గట్టంటే గుట్టే.

జవాబు:
మా కోనసీమలో గట్టంటే చెరువుగట్టు, కాలవగట్టు. అలా రాస్తే ఒడ్డుకీ ఒడ్డుకీ మధ్య అన్నట్టుంటుంది!

జవాబు:
నాకు కడలితో పేచీ లేదు, అడవితోనే. అడవి అనగానే మనకి నల్లమల కళ్ళముందుకొస్తుంది. అక్కడివి చాలావరకు గిడసబారిన బర్చ్ చెట్లు. ‘ఐస్‌లాండ్ అడవిలో దారి తప్పితే ఏం చెయ్యాలి? లేచి నిలబడాలి’ అని వాళ్ళే జోకులేసుకుంటారు. మనకి ‘చిట్టడవి’ అనే చక్కని మాట ఉంది, వాడండి. (బర్చ్‌ని వాళ్ళు ‘బిర్కి’ అంటారు. భూర్జపత్రంలో భూర్జ, ఈ బిర్కి ఒకే మూలం నుంచి వచ్చినవే.)

ఇంకోటి, మూలంలో ‘ఆ కాలంలో’ అని ఉంది, మీరు వదిలేశారు. నాకైతే ప్రాణమంతా అక్కడే ఉంది. అరి రాస్తున్నది 250 ఏళ్ళ తరవాత. చుట్టూ చెట్లు కనబడుతుంటే ఆ సంగతి చెప్పే పనేముంది? మేత కోసం కొట్టేశారు, తగలబెట్టారు, ఇనుము పనికి బొగ్గు కాల్చారు. అంతవరకే అయితే మళ్ళీ మొలిచేవేమో, గొర్రెలు మొలకని తలెత్తనివ్వలేదు. పైగా అది అగ్నిపర్వతాల బూడిద కలిసిన తేలిక మట్టి. వేళ్ళ పట్టు పోయేసరికి గాలికి లేచిపోయింది. అప్పట్లో దీవిలో 25 నుంచి 40 శాతం దాకా చెట్లుండేవని అంచనా. ఇప్పుడు సహజంగా పెరిగిన బర్చ్ 1.5 శాతం. మట్టి అలా ఎగిరిపోవడానికి ‘ఉప్‌బ్లౌస్తుర్’ అని వాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాటే ఉంది.

ప్రశ్న అడిగినవారు:
మార్చాను మాస్టారూ: ‘ఆ కాలంలో కొండ మొదలు కడలి ఒడ్డు దాకా చిట్టడవి ఉండేది.’ ఆ ఉప్‌బ్లౌస్తుర్‌ని ఏటికోత లాగా ‘గాలికోత’ అనొచ్చా?

జవాబు:
అనండి. ఏరు గట్టుని కోసినట్టే అక్కడ గాలి మట్టిని అంచు నుంచి కోసుకుంటూ వస్తుంది. చుట్టూ ఇసకా రాళ్ళూ తేలిపోయి, మధ్యలో ఒక మట్టిదిబ్బ గోడలా నిలబడి, దాని నెత్తిన మాత్రం ఇంకా గడ్డి ఉంటుంది.