ఇనుప తలుపుకి టేకు గీతలు: లాగిన గీతలు నిలవడం లేదు, ఏం మార్చాలి?

పడమటివాకిలి:
ముందు వాకిలి తలుపు ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్, అంటే మామూలు ఇనుప) షీట్‌ది. 7 అడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు. ఆరు పలకల డిజైన్ నొక్కి ఉంది. దాని మీద రంగుతో టేకు చెక్కలా కనిపించే గీతలు వేయించాలని ముందుగా ఒక ముక్క షీటు మీద నమూనా వేయించాం. రబ్బరు రాకర్ (తడి రంగు మీద ఊపుతూ లాగితే చెక్క గీతలు పడే పళ్ల పనిముట్టు) లాగిన కాసేపటికే గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. కొన్నిచోట్ల రంగు పరుచుకోకుండా చుక్కలుగా ముడుచుకుంటోంది. నిలిచిన చోట కూడా టేకులా లేదు, ప్యాకింగ్ పెట్టె చెక్కలా ఉంది. కింద వేసింది మెరిసే క్రీమ్ ఎనామెల్. పైన వేసింది బ్రౌన్ ఎనామెల్‌లో థిన్నర్ కలిపి. అడుగు రంగు ఏది వేయాలి, పై రంగు ఏ పాళ్లలో కలపాలి, చివర్లో ఏ క్లియర్ కోటు వేయాలి? మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా తలుపు మీద నేరుగా ఎండ.

కుంచెపని:
మూడింటికీ కారణాలు వేరండి.

ముడుచుకోవడానికి కారణం అడుగు కోటు మెరుపు. నున్నటి గ్లాసీ మీద పలచటి రంగుకి పట్టు దొరకదు. మెరుపు తక్కువగా ఉండే శాటిన్ ఎనామెల్ వేయండి. గ్లాసీ ఇప్పటికే వేసి ఉంటే బాగా ఆరాక 400 నంబరు వాటర్ పేపర్‌తో మెరుపు చచ్చేదాకా రుద్ది, తడి గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. ఆ తర్వాత చేత్తో తాకొద్దు, వేలి జిడ్డు ఉన్నచోట మళ్లీ ముడుచుకుంటుంది. అలాగని అసలు మెరుపే లేని మ్యాట్ వేయకండి. అది పై రంగుని పీల్చేసుకుంటుంది, రాకర్ తుడిచిన చోట అడుగు రంగు శుభ్రంగా బయటపడదు.

గీతలు కలిసిపోవడం ఎనామెల్ గుణం. కుంచె జాడలు కనపడకుండా సమంగా పరుచుకోవడానికే దాన్ని తయారుచేస్తారు. ఎంత థిన్నర్ పోసినా ఆ గుణం పోదు, పైగా నిలువు తలుపు మీద ఇంకా జారుతుంది. దానికి బదులు ఇలా కలపండి: మరిగించిన అవిసె నూనె (షాపులో బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ పేరుతో దొరికేది) 1 వంతు, టర్పెంటైన్ 2 వంతులు. ఈ మిశ్రమం 150 మి.లీ.కి రంగు త్వరగా ఆరడానికి కలిపే టెరిబిన్ డ్రయర్ అర చెంచా, మెత్తగా జల్లించిన సుద్దపొడి ఒక చెంచా. సుద్ద వల్ల రంగుకి చిక్కదనం వచ్చి గీత నిలుస్తుంది. నూనెలో సుద్ద పారదర్శకంగా మారిపోతుంది కాబట్టి రంగు తెల్లబారదు. రంగు కోసం ట్యూబు ఆయిల్ కలర్లు తీసుకోండి: బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ) ఎక్కువ, రా సియెన్నా (పసుపు గోధుమ) తక్కువ. తలుపు ఒక వైపుకి 100 మి.లీ. చాలు. అంతకంటే ఎక్కువ పట్టిందంటే మందంగా పూస్తున్నారని అర్థం. పూశాక పొడి కుంచెతో లాగి లాగి, అడుగు రంగు లోపలినుంచి కనిపించేంత పలచగా చేయాలి. నూనె వంతు పెంచితే మళ్లీ కారుతుంది, టర్పెంటైన్ పెంచితే రాకర్ పెట్టేలోపే బిగుసుకుంటుంది.

ఇక పెట్టె చెక్క పోలిక. మీ కన్ను సరిగ్గానే పట్టింది. రాకర్‌ని ఎక్కువ ఊపితే వచ్చే పెద్ద పెద్ద గుడ్డు ఆకారాలు పైన్ చెక్క లక్షణం, పెట్టెలు చేసేది ఎక్కువగా దాంతోనే. టేకులో గీతలు చాలావరకు నిటారుగా సాగుతాయి, మధ్యలో ముదురు చారలుంటాయి, ముడులు తక్కువ. అందుకని ఒక్కో పలకలో ఒక్కసారే, అదీ నిదానంగా ఊపండి. మిగతా అంతా రబ్బరు దువ్వెనతో నిలువుగా లాగండి. పక్కపక్క పలకల్లో ఆ ఆకారం ఒకే ఎత్తులో రాకూడదు. రాకర్ పైనుంచి కిందికి ఆగకుండా రావాలి, ఆగితే అక్కడ అడ్డగీత పడుతుంది. లాగిన ప్రతిసారీ పళ్లు గుడ్డతో తుడవండి. తుడవకపోతే మూడోసారి లాగేసరికి గీత మసకబారుతుంది.

తర్వాతిది చాలామంది వదిలేసే పని, టేకు రూపం తెచ్చేది మాత్రం అదే. రంగు తడిగా ఉండగానే పొడవు వెంట్రుకల పొడి కుంచెని దాదాపు పడుకోబెట్టి, కిందనుంచి పైకి టపటపా కొట్టుకుంటూ వెళ్లండి. గీతలు విరిగి సన్నటి పొట్టి గాట్లలా మారతాయి. టేకు పలకని దగ్గరగా చూస్తే కనిపించే రంధ్రాల జాడలు సరిగ్గా అలాగే ఉంటాయి.

అడుగు రంగు విషయం. చెక్కలో కనిపించే అతి లేత రంగే అడుగు రంగు కావాలి. టింబర్ డిపోలో కోసిన టేకు పలకని తడి గుడ్డతో తుడవండి. వార్నిష్ వేశాక ఎలా కనబడుతుందో ఆ రంగే బయటికొస్తుంది. అందులో లేత భాగానికి సరిపోయేలా క్రీమ్‌లో ఎల్లో ఆకర్ (మట్టి పసుపు) స్టెయినర్, రవ్వంత బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ) కలపండి. ఉత్త క్రీమ్ మీద వేస్తే గీతకీ అడుగుకీ తేడా ఎక్కువై బొమ్మ గీసినట్టు ఉంటుంది.

తుప్పువైరి:
పై జవాబుకి కింది కోట్లు, క్లియర్ కోటు సంగతి కలుపుతున్నాను.

ముందు షీటు నిజంగా ఎమ్మెస్సేనా, జీఐనా (జింకు పూత ఉన్న ఇనుమా) తేల్చుకోండి. జీఐ మీద ఎనామెల్ నేరుగా వేస్తే అందులోని నూనె జింకుతో కలిసి సబ్బులాంటి పొర ఏర్పడుతుంది, కొన్ని నెలలకి రంగు పొరలుగా లేస్తుంది. దానికి జింకుని కాస్త కొరికి పట్టుకునే ఎచ్ ప్రైమర్ తప్పనిసరి. ఎమ్మెస్ అయితే తుప్పు గీకి, 120 పేపర్ పట్టి, టర్పెంటైన్ గుడ్డతో తుడిచి, జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ వేయండి. సొట్టలకి లప్పం పెట్టి 180, తర్వాత 320 పేపర్ పట్టండి. గీకిన గాట్లు మిగిలితే పై రంగు వాటిలో దిగి ముదురు గీతలుగా బయటపడుతుంది.

క్లియర్ కోటుకి చెక్క సామాను మీద వేసే మెలమైన్, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లక్కర్ రెండూ వద్దు. వాటి థిన్నర్ ఘాటుకి కింద ఎనామెల్ ముడతలు పడి లేస్తుంది. టూ ప్యాక్ పీయూ (రెండు డబ్బాలు కలిపి వేసే పాలీయురేథేన్) కూడా కొత్త ఎనామెల్‌ని లేపుతుంది. టర్పెంటైన్‌తో పలచన చేసే, యూవీ రక్షణ ఉన్న బయటివాడకం వార్నిష్ తీసుకుని రెండు పలచటి కోట్లు వేయండి. గీతల కోటు వేలికి అంటనంత మాత్రాన ఆరినట్టు కాదు. కనీసం 48 గంటలు ఆగాలి, వానాకాలం అయితే ఇంకా ఎక్కువ. మెత్తటి పొర మీద గట్టి పొర వేస్తే ఎండకి పైపొర పగుళ్లిస్తుంది. పడమటి తలుపుకి ఇది మరీ ముఖ్యం.

ఇంకో మాట. అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయొద్దు. ఆరేటప్పుడు పుట్టే వేడికి వాటంతట అవే అంటుకుంటాయి. నీళ్లలో ముంచండి, లేదా బయట విడివిడిగా పరచండి.

పడమటివాకిలి:
షీటు ఎమ్మెస్సే అండి. ఇంకో రెండు సందేహాలు. ఆరు పలకలు, చుట్టూ చట్రం ఉన్నాయి కదా, ఏది ముందు వేయాలి? చెయ్యి తిరగడానికి ఖర్చు లేకుండా సాధన చేసే దారి ఉందా?

కుంచెపని:
అసలు వడ్రంగి తలుపు ఎలా బిగిస్తాడో ఆ వరసే. ముందు పలకలు, తర్వాత మధ్య నిలువు కమ్మి, ఆపైన అడ్డకమ్మీలు, చివరికి రెండు అంచుల నిలువు కమ్మీలు. పలకల్లో, నిలువు కమ్మీల్లో గీతలు నిలువుగా, అడ్డకమ్మీల్లో అడ్డంగా. కలిసే చోట గీత కత్తితో కోసినట్టు ఆగాలి. ఒక కమ్మీ గీతలు పక్కదాంట్లోకి పాకితే అది రంగని దూరం నుంచే తెలిసిపోతుంది. మాస్కింగ్ టేపు వాడితే అడుగు కోటు వేసి రెండు రోజులు దాటాకే అతికించండి, లేకపోతే రంగు ఊడొస్తుంది. పని పొద్దున్నే మొదలుపెట్టండి. షీటు వేడెక్కాక రంగు నిమిషాల్లో బిగుస్తుంది.

సాధనకి అర కప్పు వెనిగర్, చెంచా పంచదార, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్, పొడి రంగు చాలు. పంచదార వల్ల రంగు అంటుకుంటుంది, సబ్బు వల్ల ముడుచుకోదు. 19వ శతాబ్దంలో అమెరికాలో పెట్టెలు, బీరువాలకి ఇలాంటి వెనిగర్ మిశ్రమంతోనే గీతలు వేసి పైన వార్నిష్ పూసేవారు. శాటిన్ వేసిన ముక్క షీటు మీద వేసుకుని, నచ్చకపోతే తడి గుడ్డతో తుడిచి మళ్లీ మొదలుపెట్టవచ్చు. రాకర్ ఊపు, కుంచె దెబ్బ రెండూ దీనితోనే అలవాటు చేసుకోవచ్చు. బయటి తలుపు మీద మాత్రం నూనె మిశ్రమమే వేయండి.