కొండనాలుకకి మందేస్తే... ఆ ‘ఉన్న’ ఏమిటి?

బరంపురం నుంచి: ఏప్రిల్ 1 సంచికకి, మన ఊళ్లు మద్రాసు నుంచి ఒడిశాలోకి వచ్చిన 1936 విభజన మీద వ్యాసం వస్తోంది. ‘కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక...’ అని శీర్షిక అనుకున్నాం. చివర ఊడిందా, పడిందా, పోయిందా? ‘ఉన్న’ దగ్గరా అనుమానమే. వేగంగా అంటే ‘ఉన్నాలిక’ అని ఒకే మాటలా వినిపిస్తుంది. పాత పాఠం ఏది?

పర్లాకిమిడి నుంచి: ఇటువైపు ‘ఊడిపోనాది’. పక్షవాతం వస్తే మాట పడిపోతుంది, అది వేరే సంగతి. మందు వికటించి పోయే నాలుక ఊడాల్సిందే.

రాయగడ నుంచి: ‘ఉన్నాలిక’ని అంత తేలిగ్గా వదలకండి. తమిళంలో కొండనాలుక పేరే ఉణ్ణాక్కు. ఉళ్ + నాక్కు, లోనాలుక. మనది దాని చుట్టమే అయి ఉంటుంది. ‘ఉన్న’ అని విడదీయడం తర్వాతివాళ్ల పని.

జయపురం నుంచి: అలా అయితే కొండనాలుకకి మందేస్తే కొండనాలుకే ఊడిందని అర్థం వస్తుంది. అందులో వింతేముంది? ఏ జబ్బూ లేకుండా ఉన్న నాలుక పోవడంలోనే సామెత ప్రాణం ఉంది. కన్నడంలో కిరునాలిగె అంటారు, చిన్న నాలుక. చిన్నదాని కోసం పెద్దది పోయింది. నా ఓటు ‘ఉన్న’కే.

గుణుపురం నుంచి: వైద్యం వైపు నుంచి కూడా చూడాలి. వాచిన కొండనాలుకని సుశ్రుతుడు గలశుండిక అన్నాడు. బొటనవేలినీ వేలినీ పటకారులా చేసి పట్టి లాగి, మండలాగ్రం అనే గుండ్రటి మొన కత్తితో మూడోవంతే కోయమన్నాడు. ఎక్కువ తెగితే నెత్తురు పోయి ప్రాణం మీదికి వస్తుంది, తక్కువ తెగితే వాపు, చొంగ. కోశాక మిరియాలు, అతివిష, వస వగైరా తేనె, ఉప్పుతో కలిపి రుద్దాలి. అక్కడ ‘జిహ్వోపరి’ అనే మాట ఉంది చూడండి. కత్తి ఆడేది నాలుక మీదుగానే, చెయ్యి జారితే తెగేది కిందున్న నాలుక. ఆ ‘కిందున్న’ అరిగి ‘ఉన్న’ అయిందని నేను గట్టిగా నమ్ముతాను.

జయపురం నుంచి: సామెతలో ‘మందేస్తే’ అని ఉందండీ, ‘కోస్తే’ అని లేదు.

బరంపురం నుంచి: ‘ఉన్న’ అనే పెట్టుకుంటే, ఈ సామెత 1936కి అతుకుతుందా?

జయపురం నుంచి: రెండు షరతులున్నాయి. పోయినది ముందు బాగుండాలి, మందు వేసుకున్న ఒంటికే నష్టం రావాలి. 1902లో హనోయ్‌లో ఎలుక తోకకింత అని డబ్బిస్తే జనం తోక కోసి ఎలుకని వదిలేశారు, కొందరు పెంచారు కూడా. అక్కడ జబ్బు ముదిరింది, నాలుక ఊడలేదు. 1958లో చైనాలో ధాన్యం తింటున్నాయని పిచ్చుకల్ని చంపితే పురుగుల్ని తినే పిట్ట లేక మిడతలు పంట మీద పడ్డాయి. అది సరిగ్గా ఈ సామెతే. ఒకప్పుడు ఉక్కు ఎంత దూరం వెళ్లినా దేశమంతా ఒకే రవాణా ఖర్చు లెక్క పెట్టడం మాత్రం కాదు. మందు దూరపు రాష్ట్రాలకి, నష్టం గనులున్న మన ఒడిశాకి.

పర్లాకిమిడి నుంచి: అయితే 1936కి ఒక్క షరతే నప్పుతుంది. ఒడియావాళ్లందరినీ ఒక్కచోట చేర్చడం న్యాయమైన మందే, ఆ బాధ నిజమే. అందుకు పాటుపడిన మా పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి జమీందారీయే రెండు ముక్కలైంది. ఊరు ఇటు, మిగతా చాలా భాగం మద్రాసు వైపు. ఊడిన నాలుక మాత్రం తెలుగు, అది వేరే ఒంటిది. గిడుగు రామమూర్తి గారు ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. తెలుగు లిపిలో సవర వాచకాలు రాసిన మనిషి ఆయన. సవరలు సరిహద్దుకి రెండువైపులా మిగిలారు. అదే 1936లో మంగేయి గొమాంగో సవర భాషకి సొరాంగ్ సొంపెంగ్ లిపి చేశారు. ఇప్పుడు ఆ ఒక్క భాషకి తెలుగు, ఒడియా, రోమన్, సొంపెంగ్ లిపులు.

రాయగడ నుంచి: గిడుగు వారి పేరు ఎత్తారు కనుక అంటున్నాను. జనం నోట ఉన్నదే ప్రమాణమని ఆయన వాదన. విజయనగరంలో ఆయనతో చదివిన గురజాడదీ అదే దారి. ‘కన్యాశుల్కం’లో ఎవరి యాస వారిదే, అందరినీ ఒకే భాషలోకి దిద్దలేదు. ఆ లెక్కన ‘ఉన్నాలిక’ అనే అచ్చు వెయ్యాలి.

పర్లాకిమిడి నుంచి: వేస్తే ‘ఊడిపోనాది’ కూడా వెయ్యాలి. ప్రూఫుల్లో ‘ఊడిపోయింది’ అని దిద్దకండి.

గుణుపురం నుంచి: అచ్చుకి ఇచ్చేముందు ఇంకొకటి. ‘కొండ’నాలుకేనా? తేలు కొండి, తలుపు కొండి, రెండూ వంగినవే. గొంతులో వేలాడేదానికి కొండ కంటే కొండి దగ్గర కాదా?