ఒకే మాష్‌తో రెండు బీర్లు: రెండోది కుడితిలా వచ్చింది, తప్పెక్కడ?

గరాజ్_బ్రూ (డల్లాస్)
ఏడాదిగా గరాజ్‌లో బీర్ కాస్తున్నా. మొన్న శనివారం మొదటిసారి పార్టీగైల్ ప్రయత్నించాను, అంటే మాష్ (వేడినీళ్లలో నానబెట్టిన మాల్ట్ నూక) నుంచి చిక్కటి వోర్ట్ (తీపి రసం) దింపి స్ట్రాంగ్ బీర్‌కి వాడుకుని, అదే మాల్ట్‌లో (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) మళ్లీ వేడినీళ్లు పోసి పల్చటిది ఇంకో బీర్‌కి దింపడం. 7 కిలోల మాల్ట్, మాష్‌కి 38 లీటర్ల కూలర్ (వేడి పోకుండా ఉండే డబ్బా). మరగబెట్టాక రెండూ 19 లీటర్ల చొప్పున తేలాయి. చక్కెర ఎంతుందో చెప్పే గ్రావిటీ (మామూలు నీళ్లకి 1.000) మొదటిది 1.075 వస్తుందనుకుంటే 1.058, రెండోది 1.022. నాలుక మీద వేసుకుంటే ఊళ్లో గేదెలకు పెట్టే కుడితి గుర్తొచ్చింది. మా ఆవిడ వాసన చూసి గ్లాసు పక్కన పెట్టేసింది. 66 డిగ్రీల్లో గంట ఉంచాను, బాగానే కలిపాను. మాల్ట్ ఇంకా మెత్తగా నలిగేలా మిల్లు రోలర్ల గ్యాప్ తగ్గించాలా?

పులుసురాయుడు (రెడింగ్, యూకే)
మిల్లు జోలికి వెళ్లకండి. గ్రావిటీలో 1 తర్వాతి అంకెలే పాయింట్లు, వాటిని లీటర్లతో గుణించండి: 58ని 19తో గుణిస్తే 1102, 22ని 19తో గుణిస్తే 418, మొత్తం 1520 పాయింట్లు. కిలో మాల్ట్‌కి మహా అయితే 300, అంటే 7 కిలోలకు 2100. అందులో మీకు 72 శాతం దిగింది, దాన్నే ఎఫిషియన్సీ అంటారు, ఇంటి సెటప్‌కి అది మంచి నంబరే. తప్పల్లా సరుకు తక్కువ కావడం. చింతపండు మొదటిసారి పిసికితే గుజ్జు, రెండోసారి పిసికితే పులుపు నీళ్లు, మీరు నిమ్మకాయంత చింతపండుతో రెండు గిన్నెల పులుసు పెట్టారు!

సుమారు లెక్క ఏంటంటే, వోర్ట్‌ని సగం సగం పంచితే మొదటి సగంలోకి మూడింట రెండొంతుల చక్కెర వెళ్లిపోతుంది. 9 కిలోలు వేసి 29 లీటర్ల నీళ్లు పోయండి, మీ కూలర్‌లో పడుతుంది. మాల్ట్ కిలోకి లీటరు చొప్పున తాగేస్తుంది కాబట్టి 20 లీటర్లు దిగుతుంది, అది మరిగి 16 అవుతుంది. మళ్లీ 20 లీటర్లు పోసి రెండోది దింపండి. అటూ ఇటూగా 1.080, 1.040 వస్తాయి. 19 లీటర్ల మీద ఆశ వదులుకోవాలి మరి.

హాప్స్_పిచ్చి
పైన చెప్పిన లెక్క కరెక్ట్. ఇంకోటి, రెండోసారి నీళ్లు పోసేముందు ఆ మాల్ట్‌లోనే 300 గ్రాముల క్రిస్టల్ మాల్ట్ కలిపి పావుగంట ఆగండి, రంగూ ఒళ్లూ వస్తాయి, మొదటి బీర్‌కి పిల్లలా కాకుండా వేరే బీర్‌లా ఉంటుంది. నీళ్లు 77 డిగ్రీలు దాటితే మాత్రం పొట్టులోంచి వగరు దిగుతుంది. స్ట్రాంగ్ దానికి ఈస్ట్ రెండు ప్యాకెట్లు వేయండి, ఇక్కడ పిసినారితనం పనికిరాదు. లండన్ ఫుల్లర్స్ బ్రూవరీ వాళ్లయితే రెండు వోర్ట్‌లనూ విడిగా మరగబెట్టి, వేర్వేరు పాళ్లలో కలిపి ఒకే మాష్ నుంచి లండన్ ప్రైడ్, ఈఎస్‌బీ లాంటి బీర్లు తీస్తారు. మీరూ కలుపుకోవచ్చు, చిక్కటి దాంట్లోంచి రెండు లీటర్లు అటు పోస్తే చాలు.

కొత్త_సభ్యుడు
హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఇది చేయొచ్చా అన్నా?

పులుసురాయుడు (రెడింగ్, యూకే)
వద్దు తమ్ముడూ. అక్కడ లైసెన్స్ లేకుండా కాస్తే ఎక్సైజ్ కేసు. అమెరికాలో అయితే ఇంట్లో పెద్దవాళ్లు ఇద్దరుంటే ఏడాదికి 200 గ్యాలన్ల వరకు ఫెడరల్ చట్టం ఒప్పుకుంటుంది.

గరాజ్_బ్రూ (డల్లాస్)
థాంక్స్, నేను ఎఫిషియన్సీ అని రెండు రోజులుగా తల బాదుకుంటున్నా. ఈ 1.022 దాన్ని ఏం చేయాలి? ఈస్ట్ వేసి రెండు రోజులైంది, ఎయిర్‌లాక్ (గ్యాస్ బయటికి వదిలే మూత) ఇంకా బుడగలేస్తోంది.

హాప్స్_పిచ్చి
అర కిలో డ్రై మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (ఎండబెట్టిన వోర్ట్ పొడి) లీటరు నీళ్లలో పది నిమిషాలు మరగబెట్టి, పూర్తిగా చల్లార్చి అందులో పోసేయండి, పది పాయింట్ల దాకా కలుస్తాయి. ఇలాగే వదిలేస్తే 2 శాతం ఆల్కహాల్ ఉన్న బీర్, మిరపకాయ బజ్జీల్లోకి మంచినీళ్లలా తాగొచ్చు.