సమస్యాపూరణం: ఓడి గెలిచిరి గెలిచియు నోడినారు

నిర్వాహకుడు:

ఈ వారం సమస్య తేటగీతి నాలుగో పాదం.

ఓడి గెలిచిరి గెలిచియు నోడినారు

ఈసారి విషయం కూడా నేనే ఇస్తున్నాను. అమెరికాలో చిన్న కాలేజీల బాస్కెట్‌బాల్, ఫిబ్రవరి ఆఖరి వారాల్లో పట్టిక తలకిందులయ్యే ఘట్టం. కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థలో మూడో అంచె, అంటే డివిజన్ 3లో ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు, టీవీ సందడీ తక్కువే. అయినా లెక్కల బిగువు చూడాలంటే అక్కడే చూడాలి. ముఖ్యంగా యూఏఏ (యూనివర్సిటీ అథ్లెటిక్ అసోసియేషన్) కాన్ఫరెన్స్, అంటే తమలో తాము ఆడుకునే జట్ల కూటమి. ఎనిమిది విశ్వవిద్యాలయాలు: బ్రాండైస్, న్యూయార్క్, రాచెస్టర్, కార్నెగీ మెలన్, కేస్ వెస్టర్న్, షికాగో, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్, అట్లాంటాలోని ఎమరీ. ఒక్కో జట్టు మిగతా ఏడింటితో రెండేసిసార్లు ఆడుతుంది, మొత్తం 14 ఆటలు. చివర్లో కాన్ఫరెన్స్ టోర్నీ లేదు. 14 ఆటల తర్వాత పట్టికలో పైన ఉన్నవారికే జాతీయ టోర్నీకి నేరుగా టికెట్. జనవరిలో పోగొట్టుకున్న ఆటను చివర్లో ఒక టోర్నీ గెలిచి సరిదిద్దుకునే దారి లేదు.

లెక్క తెలియనివారి కోసం ఒక సూత్రం. మొత్తం ఆటలకు ఒకటి కలపండి: 15. అందులోంచి మొదటి జట్టు గెలుపులు, రెండో జట్టు ఓటములు తీసేయండి. మొదటిది 10–2 (పది గెలుపులు, రెండు ఓటములు), రెండోది 9–3 అనుకుంటే 15 – 10 – 3 = 2. మొదటి జట్టు గెలుపులు, రెండో జట్టు ఓటములు కలిపి ఇంకో రెండు వస్తే చాలు, పట్టం ఖాయం. ముఖాముఖిలో మొదటి జట్టుదే పైచేయి అయితే సమానమైనా వారిదే టికెట్ కాబట్టి 15 బదులు 14తో లెక్కించాలి. అప్పుడు ఒక్కటి చాలు. ఆ 'ఒక్కటి' తన గెలుపే కానక్కర్లేదు, ఎదుటివారి ఓటమైనా సరే. సమస్యలోని విరోధం విడిపోయే చోటు ఇదే.

ఛందస్సు సంగతి. ఓడి (గలం), గెలిచిరి (నలం), గెలిచియు (నలం), నోడి (గలం), నారు (గలం). యతి 'ఓ'కూ 'గెలిచియున్ + ఓడి'లోని 'ఓ'కూ. పాదం అచ్చుతో మొదలవుతోంది, కాబట్టి మూడో పాదం చివరి మాటను బట్టి 'నోడి' అనో 'యోడి' అనో మారుతుంది. తప్పులు ఎక్కువగా వచ్చేది ఆ అతుకు దగ్గరే.

కొండగాలి:

కడపటాటలో ముందున్న ఘనులు తగ్గ
వెనుకనున్న జట్టునకును విజయమొదవె
మునుపు రెండాటలను నెగ్గి ముందువారు
ఓడి గెలిచిరి గెలిచియు నోడినారు

ఒకరు 11–2, మరొకరు 10–3. ఆఖరి రోజు మొదటివారు ఓడారు, రెండోవారు గెలిచారు, ఇద్దరూ 11–3. అంతకుముందు వీళ్ళిద్దరి మధ్య జరిగిన రెండు ఆటలూ మొదటివారివే. టికెట్ వారికే.

నిర్వాహకుడు:

కొండగాలిగారూ, భావం సూటిగా ఉంది, నడక కూడా బాగుంది. 'కడపటాట', 'ఘనులు' మధ్య క–ఘ యతి చక్కగా కుదిరింది. చిక్కంతా నేను చెప్పిన అతుకు దగ్గరే. 'ముందువారు' తర్వాత 'ఓడి' వస్తే ఉత్వసంధి నిత్యం, 'ముందువారోడి' అయిపోతుంది. మూడో పాదంలో ఒక లఘువు పోయి చివరి గణం విరుగుతుంది. 'ముందువారె' అనండి, తర్వాతి పాదం 'యోడి గెలిచిరి' అవుతుంది. ఒక్క అక్షరం మార్పుతో సంధి కుదిరింది, 'వారే' అన్న ఊనికా వచ్చింది.

రాచవీధి:

చిన్న చేర్పండీ. చాలా కాన్ఫరెన్సుల్లో సమానంగా ముగిస్తే బిరుదు ఇద్దరికీ ఇస్తారు, జాతీయ టోర్నీ టికెట్ మాత్రం ఒక్కరికే. కాబట్టి ఇక్కడ వెనకవాళ్ళు 'ఓడింది' టికెట్టే కానీ బిరుదు కాదు. పద్యంలో అంత చెప్పక్కర్లేదు గానీ వివరణలో ఉంటే మంచిది.

పూలరథం:

శుక్రవారపు రాతిరి సొలసి సొలసి
యయిదు నిమిషాలు మఱియాడి యందుకొనియు
నాదివారము కాళ్ళాడ కలసిపోయి
యోడి గెలిచిరి గెలిచియు నోడినారు

యూఏఏలో రెండేసి జట్లు ప్రయాణానికి జోడీలు: షికాగో–వాషింగ్టన్, ఎమరీ–రాచెస్టర్, న్యూయార్క్–బ్రాండైస్, కార్నెగీ మెలన్–కేస్. వెళ్ళిన జట్టు శుక్రవారం ఒకరితో ఆడి, శనివారం ఊరు మారి, ఆదివారం పగలు రెండోవారితో ఆడుతుంది. శుక్రవారం ఆట 40 నిమిషాల్లో తేలక అదనంగా ఐదు నిమిషాలు ఆడితే ఆ భారం ఆదివారం బయటపడుతుంది.

నిర్వాహకుడు:

పూలరథంగారూ, 'కాళ్ళాడక + అలసి' సంధిలో అకారానికి యతి చెల్లించడం ముచ్చటగా ఉంది. కానీ సమస్యలో రెండు ముక్కలున్నాయి. మీరు రెండోదాన్నే పూరించారు. గెలిచి ఓడినవారు కనిపిస్తున్నారు, ఓడి గెలిచినవారు ఎవరమ్మా? అన్వయించబోతే ఇద్దరూ ఒకరే అయిపోతున్నారు.

రాచవీధి:

ఓడి గెలిచినవారు ఉన్నారండీ, బెంచి మీద. ఆట ఇంకా ఆరేడు నిమిషాలుండగా 15 పాయింట్లు వెనకబడితే తెలిసిన కోచ్ ముఖ్యమైన ఐదుగురినీ కూర్చోబెట్టేస్తాడు. శుక్రవారం ఓటమి ఒప్పుకుని ఆదివారానికి కాళ్ళు దాచుకోవడం అన్నమాట. అటు అదనపు సమయం ఆడి గెలిచిన జట్టులో ముఖ్యులు 40 నిమిషాలకు పైగా నేల మీదే ఉంటారు. ఆదివారం రెండో సగంలో వాళ్ళ దూరపు షాట్లు చూడండి, పక్కకు పోవు, రింగు ముందంచుకు తగిలి వెనక్కొస్తాయి. చేతి గురి తప్పలేదు, కాళ్ళలో ఎత్తు తగ్గింది. రక్షణలో పక్కకు జరగాల్సిన అడుగు ఆలస్యమై చేత్తో ఆపబోతారు, ఫౌళ్ళు పెరుగుతాయి. పురుషుల ఆటలో ఒక సగంలో ఏడో జట్టు ఫౌల్ నుంచి ఎదుటివారికి ఫ్రీ త్రో (ఎవరూ అడ్డుకోని షాట్) మొదలు, మొదటిది పడితేనే రెండోది. పదో ఫౌల్ నుంచి నేరుగా రెండు. అలసిన జట్టు ఇలా కూర్చున్నచోటే పాయింట్లు ఇచ్చేస్తుంది.

దాన్నే పద్యంలోకి తెస్తే:

శుక్రవారపు రాతిరి సొలసి సొలసి
యయిదు నిమిషాలు మఱియాడి యలసిరొకరు
బలిమి దాచిన వారలు పగటి పోర
నోడి గెలిచిరి గెలిచియు నోడినారు

బలిమి దాచినవారు (శుక్రవారం) ఓడి, పగటి పోరన్ గెలిచిరి. అలసినవారు గెలిచియున్ ఓడినారు.

నిర్వాహకుడు:

'పోరన్' ద్రుతంతో 'నోడి'లోకి జారడం హాయిగా ఉంది. బ–ప యతీ సరే. 'రాతిరి' వాడుక మాటే అయినా సొలసి, అలసి మధ్య ఒదిగిపోయింది, ఉంచేద్దాం.

తేటనీరు:

పులులు పండ్రెండు విజయాలఁ బొంగుచుండి
నాల్గవదియైన యెలుగుతో నలిగి పడఁగ
రెండవది యేలు కడసారి రేఁగి దూఁకె
నోడి గెలిచిరి గెలిచియు నోడినారు

ఇది ఐవీ లీగ్ అనే మరో కాన్ఫరెన్స్, 2024. డివిజన్ 1 (పై అంచె) అయినా అక్కడా ఎనిమిది జట్లు, 14 ఆటలు, ఆటకు స్కాలర్‌షిప్ లేదు. తేడా ఒక్కటే: 2017 నుంచి మొదటి నాలుగు జట్లకు చివర్లో టోర్నీ ఉంది. ప్రిన్‌స్టన్ (పులులు) 12–2తో మొదటిది. యేల్ 11–3. నాలుగోది బ్రౌన్ (ఎలుగుబంట్లు) 8–6. సెమీస్‌లో బ్రౌన్ ప్రిన్‌స్టన్‌ను పడగొట్టింది. ఫైనల్లో యేల్ 62–61తో బ్రౌన్‌ను గెలిచింది, గంట మోగే క్షణంలో మాట్ నోలింగ్ వేసిన బుట్టతో. పట్టికలో ఓడినవారు గెలిచారు, పట్టికను గెలిచినవారు ఓడారు.

చినుకు:

'యేలు' అన్న శ్లేష ఎంత బాగుందో! రెండవది ఏలుతుంది. జట్టు పేరులోనే క్రియ దొరికింది. అదే ఏడాది యేల్ జాతీయ టోర్నీలో ఆబర్న్‌ను 78–76తో ఓడించింది కూడా, కాబట్టి ఆ 'ఏలు' ఇంకా బలపడుతుంది.

నిర్వాహకుడు:

శ్లేష నాకూ నచ్చింది. రెండు మాటలు. ఒకటి, కార్నెల్ కూడా 11–3. సమానంగా ఉన్నా రెండో స్థానం యేల్‌కు దక్కింది కనుక 'రెండవది' సరైనదే, వివరణలో కార్నెల్ పేరు ఉండాలి. రెండు, 'దూఁకె' ఏకవచనం, 'గెలిచిరి' బహువచనం. అన్వయం అక్కడ కుంటుతోంది. ఇలా మారిస్తే?

రెండవది యేలువారలు రేఁగి రంత
నోడి గెలిచిరి గెలిచియు నోడినారు

'యేలువారలు' అంటే ఏలేవారు, యేల్‌వారు. శ్లేష చెడలేదు, వచనం కుదిరింది.

తేటనీరు:

ధన్యవాదాలు గురువుగారూ. ఇదే నిలుపుకుంటాను.

చినుకు:

బలము లేనట్టి వారిపైఁ బదులకొలఁది
గెలుపు లున్నను లెక్కలోఁ గిట్టకుండ
మేటిజట్లతోఁ దలపడి మెచ్చఁబడుచు
నోడి గెలిచిరి గెలిచియు నోడినారు

కాన్ఫరెన్స్ గెలవని జట్లలో మిగిలిన చోట్లకు ఎవరిని తీసుకుంటారన్నది నా విషయం. డివిజన్ 3 జాతీయ టోర్నీలో 64 జట్లు. కాన్ఫరెన్స్ విజేతలు పోగా కొన్నే చోట్లు మిగులుతాయి.

రాచవీధి:

చినుకుగారూ, విషయం మంచిది కానీ 'మెచ్చఁబడుచు' ఇప్పటి పద్ధతికి అతకదు. 2024–25 సీజన్ నుంచి డివిజన్ 3లో ఆ చోట్లు ఎన్‌పీఐ అనే సంఖ్య ప్రకారం ఇస్తున్నారు. మెచ్చుకునే మనుషులు లేరు, సూత్రం ఉంది. ప్రతి ఆటలోనూ ఫలితంతో పాటు ఎదుటి జట్టు బలం తూకానికి వస్తుంది. బలహీనుల మీద గెలుపు మన సంఖ్యను తగ్గించేలా ఉంటే, కనీస గెలుపుల లెక్క దాటాక దాన్ని పక్కన పెడతారు. అంటే ఆ గెలుపు ఉన్నా లేనట్టే. నవంబరు, డిసెంబరుల్లో తేలిక జట్లను ఏరుకుని ఆడినవారికి ఫిబ్రవరిలో తగిలే దెబ్బ ఇదే, అప్పటికి షెడ్యూలు మార్చుకునే వీలుండదు. మీ రెండో పాదంలోని 'కిట్టకుండ' సరిగ్గా అదే చెబుతోంది. మూడో పాదమే మారాలి.

నిర్వాహకుడు:

పద్యంగా ఇంకో చిక్కు. సమస్యలో మొదట ఓడి గెలిచినవారు, తర్వాత గెలిచి ఓడినవారు. మీ వరుస తిరగబడింది, చదువరి వెనక్కి వెళ్ళి అన్వయించుకోవాల్సి వస్తోంది. తేటగీతికి ప్రాస నియమం లేదు కనుక పాదాలను ముందువెనకలు చేయవచ్చు. కందమైతే ప్రాస నియమమూ ఉంది, బేసి పాదాల కొలత, సరి పాదాల కొలత వేరు కూడా, కాబట్టి ఇలా కుదిరేది కాదు. మూడో పాదాన్ని మొదటికి తెచ్చి, 'మెచ్చఁబడుచు' బదులు 'మెట్టులెక్కి' అనండి. మే–మె యతి అలాగే ఉంటుంది:

మేటిజట్లతోఁ దలపడి మెట్టులెక్కి
బలము లేనట్టి వారిపైఁ బదులకొలఁది
గెలుపు లున్నను లెక్కలోఁ గిట్టకుండ
నోడి గెలిచిరి గెలిచియు నోడినారు

ఇప్పుడు యథాక్రమం. 'కిట్టకుండన్' ద్రుతాంతం, అతుకూ కుదిరింది.

ఆరోవేలు:

మూడు జట్లు సమముగా ముగియ వరుస
నాఱు పోటీల పట్టిక నరసినంత
మొన్న గెలిచిన వారికే శూన్యఫలము
యోడి గెలిచిరి గెలిచియు నోడినారు

మూడు జట్లూ 10–4తో ముగిశాయి. అప్పుడు వాటి మధ్య జరిగిన ఆరు ఆటలతో చిన్న పట్టిక వేస్తారు. 'క' జట్టు 'చ'ను రెండుసార్లు ఓడించింది. 'చ' 'ట'ను రెండుసార్లు ఓడించింది. 'క', 'ట' చెరొకటి. క 3–1, చ 2–2, ట 1–3. ఆఖరి రోజు 'క' ఓడినా, 'ట' గెలిచినా ఈ చిన్న పట్టిక కదలదు.

కొండగాలి:

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. ముగ్గురు సమానమైతే ఇద్దరిద్దరి ముఖాముఖి చూడకూడదు. 'ట' అభిమానులు 'మేము క మీద ఒకటి గెలిచాం కదా' అంటారు. ముగ్గురినీ ఒకేసారి పట్టికలో పెట్టి చూడాలి. అందులో ఒకరు పైకి తేలాక మిగిలిన ఇద్దరికీ మళ్ళీ మొదటి నుంచి, ముఖాముఖి. పట్టికలో కూడా ముగ్గురూ 2–2 అయితే సాధారణంగా పట్టికలో పైనున్న మిగతా జట్లతో ఎవరి ఫలితం మెరుగో వరుసగా చూసుకుంటూ కిందికి దిగుతారు. నాలుగో స్థానంలో ఉన్న జట్టు మీద జనవరిలో ఓడిన ఆట అప్పుడు బయటికి వస్తుంది.

నిర్వాహకుడు:

ఆరోవేలుగారూ, గణితం నూటికి నూరు. ఛందస్సులో రెండు చోట్ల దెబ్బతింది. మొదటి పాదం గణాలు విడదీస్తే: మూడు, జట్లుస, మముగా. 'మముగా' రెండు లఘువులు, ఒక గురువు, అంటే సగణం. ఇంద్రగణాల్లో 'సలం' ఉంది కానీ సగణం లేదు. ఒక్క 'ను' చేర్చి 'జట్లును' అంటే జట్లును (భ), సమముగా (నగం), రెండూ నిలబడతాయి. మూడో పాదంలో 'మొ'కూ 'శూ'కూ యతి లేదు. పైగా 'శూన్యఫలము' అనువాదంలా వినిపిస్తోంది. గెలిచి కూడా ఏమీ దక్కనివాడికి మనకు సొంత మాట ఉంది, యతి కూడా అదే ఇస్తుంది:

మూడు జట్లును సమముగా ముగియ వరుస
నాఱు పోటీల పట్టిక నరసినంత
మొన్న గెలిచిన వారికే మొండిచెయ్యి
యోడి గెలిచిరి గెలిచియు నోడినారు

పూలరథం:

'మొండిచెయ్యి' పడగానే పద్యం నిలబడిందండీ.

ఒక ప్రశ్న. న్యూయార్క్ విశ్వవిద్యాలయం మహిళల జట్టు 2024లోనూ 2025లోనూ ఒక్క ఆటా ఓడకుండా డివిజన్ 3 జాతీయ విజేత అయింది. వారి మీద ఈ సమస్యను పూరించగలరా ఎవరైనా? మొదటి మాటే వారికి వర్తించదు.

నిర్వాహకుడు:

'ఓడి'ని ఎదుటి జట్లకు అన్వయించాలి. వారి చేతిలో ఓడి, ఆ బలమైన ఆట వల్లే ఎన్‌పీఐలో నిలిచి టికెట్ గెలిచినవారు మొదటి సగం. రెండో సగం, 'గెలిచియు నోడినారు', మిగతావాళ్ళందరి మీదా గెలిచి వీరి ముందు ఓడినవారు. మూడో పాదం 'చు'తో ముగిస్తే 'నోడి' తేలిగ్గా అతుకుతుంది. ఆదివారం రాత్రి దాకా సమయం ఉంది, పంపండి.