క్వాడ్‌కి ‘చతుశ్శాల’ సరిపోతుందా?

ప్రశ్న: ఆక్స్‌ఫర్డ్‌లో న్యూ కాలేజీ చూడబోయే తెలుగువాళ్ల కోసం ఒక కరపత్రం తయారవుతోంది. అందులో ఒక వాక్యం: “పోర్టర్స్ లాడ్జిలో అడిగి, క్వాడ్ దాటి క్లోయిస్టర్‌లోకి వెళ్లండి.” క్వాడ్‌కి ప్రాంగణం, క్లోయిస్టర్‌కి మఠం అని రాశారు. పేరు కూడా ‘నూతన కళాశాల’ అయింది. పచ్చిక దగ్గరి బోర్డుకు ‘గడ్డి మీద నడవరాదు’ అన్నారు. ఇవి సరిపోతాయా, పెద్దలు చెప్పాలి.

జవాబు: పేరు జోలికి పోవద్దండీ. ఆ ‘కొత్త’ కాలేజీ పుట్టింది 1379లో. అప్పటికే అక్కడ మేరీమాత పేరుతో ఇంకో కాలేజీ ఉంది కాబట్టి దీన్ని న్యూ అన్నారు. నూతన అంటే నిన్నమొన్న కట్టారనుకుంటారు.

ఇక ప్రాంగణం అంటే ఖాళీ జాగా మాత్రమే. క్వాడ్‌లో ఆ జాగాతో పాటు దాన్ని నాలుగు వైపులా మూసిన కట్టడాలూ లెక్కే. అందుకు చతుశ్శాల ఉండనే ఉంది. అమరకోశంలో ‘సంజవనం త్విదం చతుఃశాలం’ అన్నది ఇలాంటి కట్టడాన్నే; తెలుగులో నాలుగిళ్ల లోగిలి. ఇక్కడ ఆ మాట మరీ బాగా అతుకుతుంది. ఆక్స్‌ఫర్డ్‌లోనే ఉన్న మెర్టన్ కాలేజీలో మాబ్ క్వాడ్ విడతలు విడతలుగా పెరిగింది. న్యూ కాలేజీలో మాత్రం దాన్ని స్థాపించిన విలియం ఆఫ్ వికమ్ చాపెల్ (ప్రార్థనామందిరం), భోజనశాల, గ్రంథాలయం, గదులు అన్నిటినీ ఒకే ప్లాన్‌లో కట్టించాడు.

ఇంకొకరు: మండువా అంటే జనానికి ఇంకా దగ్గర కదా?

జవాబు: ఆకారం వరకు దగ్గరే, పని వేరండీ. మండువాలో కప్పులు లోపలికి వాలతాయి, వాననీళ్లు నడిమి గుంటలో పడి తూము గుండా బయటికి పోతాయి. అది ఒక ఇంటి గుండెకాయ. న్యూ కాలేజీ చతుశ్శాల మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో పచ్చిక, దాని చుట్టూ నడిచే దారి ఉంటాయి. గదులకు పొడుగాటి వరండా లేదు. ఒక్కో మెట్లదారికి కొన్ని గదులు. అక్కడ ‘స్టెయిర్‌కేస్’ అంటే చిరునామాలో భాగం. ‘5వ మెట్టు’ అని అనువదిస్తే చదివినవాళ్లు మెట్లు లెక్కపెడతారు.

ఇంకొకరు: మఠం తప్పే. క్లోయిస్టర్ అంటే ఒక వైపు గోడ, లోపలి వైపు కమానులు, పైన కప్పు ఉన్న చుట్టు నడవ. మన గుళ్లలో ప్రాకారం వెంబడి ఉండే చుట్టు మంటపాన్ని తలుచుకోండి. న్యూ కాలేజీలో అది చతుశ్శాలకు బయట, చాపెల్‌కు పడమర ఉంది; ఊరేగింపులకూ సమాధులకూ కట్టింది. మోడలిన్ కాలేజీలో అలా కాదు, పెద్ద చతుశ్శాల లోపలే చుట్టు నడవ తిరుగుతుంది. కాబట్టి ‘దాటి వెళ్లండి’ అన్నది అక్కడ పనికిరాదు.

లాడ్జి మాటేమిటి? మనకు లాడ్జి అంటే అద్దె గదులు, పోర్టర్ అంటే రైల్వే కూలీ. అక్కడ తాళాలు, ఉత్తరాలు, వచ్చినవాళ్ల ఆరా అన్నీ చూసేది ఆ గదే. ‘గేటు ఆఫీసు’ అనండి. ద్వారపాలకుడు అంటే మాత్రం జయవిజయులు గుర్తొస్తారు!

ప్రశ్న అడిగినవారు: తోటలో ‘మౌండ్’ ఉందండీ. దిబ్బ అన్నారు.

జవాబు: దిబ్బ అనగానే పెంటదిబ్బ మెదులుతుంది. గుట్ట అంటే దానంతటది పుట్టినది. ఇది మనుషులు మట్టి పోసి మెట్లు కట్టిన తోటకొండ. ప్రబంధాల ఉద్యానవనాల్లో కనిపించే కృతకాద్రి, క్రీడాశైలం ఇవే. కరపత్రంలో ‘తోటకొండ’ అని రాసి, పక్కన కృతకాద్రి అనండి. ఎంత అందమైన మాట! ఆ తోటకు హద్దుగా ఉన్నది పాత నగరపు కోటగోడ. దాన్ని బాగుచేస్తూ ఉండాలన్న షరతు మీదే స్థలం ఇచ్చారు. అందుకే ఇప్పటికీ మూడేళ్లకోసారి మేయర్ వచ్చి చూస్తారు. ‘ప్రహరీ’ అని రాస్తే ఆ సంగతంతా పోతుంది.

వాక్యం ఇలా పెట్టండి: “గేటు ఆఫీసులో అడిగి, చతుశ్శాల దాటి, చాపెల్‌కు పడమరనున్న చుట్టు నడవలోకి వెళ్లండి.” బోర్డు మాటకు ‘గడ్డి మీద నడవరాదు’ వద్దు, ‘పచ్చిక తొక్కరాదు’ చాలు.