సుచిత్రా సేన్‌ది నటన గొప్పతనమా, తలుపులు వేసుకున్న గొప్పతనమా?

పాత రీళ్ళు (చర్చ మొదలుపెట్టినవారు):
సావిత్రి అభిమానిగా అడుగుతున్నా, తిట్టుకున్నా ఫర్వాలేదు. బెంగాలీ సినిమా తార సుచిత్రా సేన్ 1978లో 'ప్రణయ్ పాశ' తర్వాత మళ్ళీ తెర మీదికి రాలేదు. 2014 జనవరి 17న కోల్‌కతాలో పోయేదాకా జనానికి ముఖం చూపించకుండా బతికింది. ఫాల్కే అవార్డు ఇస్తామంటే, ఢిల్లీ వచ్చి అందుకోవాల్సి వస్తుందని వద్దనుకుందట. ఆవిడ గురించి ఎవరిని కదిలించినా ముందు ఈ కథే చెబుతారు, నటన సంగతి తర్వాత. మన సావిత్రి డబ్బు పోయినా, ఆరోగ్యం పాడైనా దొరికిన వేషం వేసుకుంటూ జనం మధ్యే ఉంది. ఆ పతనాన్ని కూడా మనం చూశాం. సుచిత్ర ముసలితనం ఎవరూ చూడలేదు కాబట్టే ఆ పేరు చెక్కుచెదరలేదని నా వాదన. కాదంటారా?

ఖరగ్‌పూర్ కోడలు:
కాదనే అంటాను. మా అత్తగారిది ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన రైల్వే తెలుగు కుటుంబం. ఆవిడకి సుచిత్ర అంటే ప్రాణం, తలుపులు వేసుకోవడానికి ఎన్నో ఏళ్ళ ముందు నుంచే. 1953లో 'షాడే చువాత్తర్'లో బెంగాలీ హీరో ఉత్తమ్ కుమార్ పక్కన కనిపించింది, మరుసటి ఏడు 'అగ్ని పరీక్ష' వచ్చింది, ఇక ఆ జంటకి తిరుగులేదు. దాదాపు ముప్పై సినిమాలు ఇద్దరూ కలిసి చేశారు. 1963లో 'సాత్ పాకే బాంధా'కి మాస్కో చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతి వచ్చింది. అప్పటికి అజ్ఞాతవాసం ఊసే లేదు కదా గురువుగారూ.

బెజవాడ బాల్కనీ:
మాస్కో బహుమతి సరే. సత్యజిత్ రాయ్ ఎందుకు తీసుకోలేదు? మరో పెద్ద బెంగాలీ దర్శకుడు ఋత్విక్ ఘటక్ ఎందుకు తీసుకోలేదు? రాయ్ 'చారులత'కి మాధవీ ముఖర్జీ, ఘటక్ 'మేఘే ఢాకా తారా'కి సుప్రియా చౌధురి. సుచిత్ర సినిమాలు చూడండి, ఓ పక్కకి తల వాల్చడం, కళ్ళు పైకెత్తడం, ముఖం మీద మెత్తటి లైటు. పాటల్లో సగం మాయ సంధ్యా ముఖర్జీ గొంతుది. ఇంకో మాట, 'సప్తపది'లో ఆ ఒథెల్లో నాటకం సీను అందరూ మెచ్చుకుంటారు, అందులో ఆవిడకి గొంతిచ్చింది ఇంగ్లీషు నటి జెన్నిఫర్ కెండల్! ఆవిడ స్టార్, ఒప్పుకుంటా. మహానటి అన్నమాట మాత్రం మింగుడుపడదు.

ఖరగ్‌పూర్ కోడలు:
అదే సీనులో ఉత్తమ్‌కి గొంతిచ్చింది నటుడు ఉత్పల్ దత్. అది వదిలేశారే? ఉత్తమ్‌ని నటుడు కాదంటారా మరి. ఇక రాయ్ మాటకొస్తే, 'దేవీ చౌధురాణి'కి ఆయనే ఆవిడని అడిగారు. ఆ సినిమా తీస్తున్నన్నాళ్ళూ వేరేవి ఒప్పుకోకూడదన్నారట, ఆవిడ కుదరదంది, ఆయన ఆ ఆలోచనే మానుకున్నారు. చేతిలో అన్ని సినిమాలున్న మనిషి రాయ్‌కి కూడా కాదని చెప్పగలిగిందంటే, ఆవిడ స్థాయేంటో అర్థం కావాలి.

గోదారి గట్టు:
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. ఈ చర్చకి పనికొచ్చే కొలబద్ద మన దగ్గరే ఉంది. సుచిత్ర 1959లో చేసిన 'దీప్ జ్వేలే జాయ్'ని 1960లో మనవాళ్ళు 'చివరకు మిగిలేది'గా తీశారు, సావిత్రితో. (బుచ్చిబాబు నవలకీ దీనికీ పేరు తప్ప సంబంధం లేదు.) 'సాత్ పాకే బాంధా' 1964లో 'వివాహ బంధం' అయింది, భానుమతి, ఎన్టీఆర్. అంటే సుచిత్ర పాత్రల్ని మన ఇద్దరు మహామహులు చేశారు.

'దీప్ జ్వేలే జాయ్' కథ తెలుసుగా. ప్రేమలో దెబ్బతిని మతి చెడిన రోగిని బాగుచేయడానికి నర్సు అతన్ని ప్రేమిస్తున్నట్టు నటించాలి. అదొక చికిత్స, డాక్టరు గారి ప్రయోగం. నటిస్తూ నటిస్తూ తానే మునిగిపోతుంది, ఆఖరికి అదే ఆసుపత్రిలో రోగిగా చేరుతుంది. తాను నటించలేదని, నటించడం తన వల్ల కాలేదని చెప్పే ఆ చివరి సీనులో సుచిత్ర ఏడ్చి గోల చేయదు. మాట కన్నా ముందు ముఖం సడలిపోతుంది. తల వాల్చడాలు, కళ్ళెత్తడాలు ఏవీ ఉండవక్కడ. బాల్కనీ గారూ, మీరన్న ఆ అలవాట్లన్నీ నిజమే, కానీ వాటిని ఎప్పుడు పక్కన పెట్టాలో ఆవిడకి తెలుసు.

సావిత్రి అయితే చూసేవాణ్ణి కూడా తనతో ఏడిపిస్తుంది. నాకు సావిత్రే ఎక్కువ. అయినా సుచిత్ర తక్కువని మాత్రం అనలేను. 'సాత్ పాకే బాంధా'లో హీరో సౌమిత్ర ఛటర్జీ చొక్కా పట్టుకు చింపేసే కోపం చూశాక భానుమతి గారిని ఊహించుకోండి, ఆవిడ కోపంలో ఓ దర్జా ఉంటుంది. సుచిత్రది ఇంకేం చేయాలో తోచని కోపం.

పాత రీళ్ళు:
సీన్లు బాగున్నాయి. నా ప్రశ్న మాత్రం అలాగే ఉంది. కనిపించకపోవడం ఆ పేరుకి కలిసొచ్చిందా లేదా?

బెజవాడ బాల్కనీ:
కలిసొచ్చింది. పోయాక కూడా శవపేటిక మూసే తీసుకెళ్ళారు, ముఖం కనపడనివ్వలేదు. అంత జాగ్రత్త దేనికి?

ఖరగ్‌పూర్ కోడలు:
జాగ్రత్త కాదది, ఆవిడ ఇష్టం. రామకృష్ణ మిషన్ వైపు మళ్ళింది, పూజా ధ్యానం చేసుకుంది. 1980లో ఉత్తమ్ పోయిన రాత్రి వెళ్ళి దండ వేసి వచ్చింది కదా, దాక్కునే మనిషి అలా వెళ్తుందా? అసలు ఇదే పని ఓ హీరో చేస్తే 'సన్యాసం తీసుకున్నాడు, మహానుభావుడు' అంటారు. ఆడది తలుపేసుకుంటే మాత్రం ముడతలు దాచుకుందంటారు. 1975లో హిందీ సినిమా 'ఆంధీ'లో తలలో తెల్లపాయ పెట్టుకుని నడివయసు రాజకీయ నాయకురాలిగా చేసింది, ముసలితనం అంటే భయమున్న మనిషి ఆ వేషం ఒప్పుకుంటుందా?

గోదారి గట్టు:
ఈ తెల్లపాయ పాయింటు గట్టిది.

పాత రీళ్ళు:
ఆడదని అనలేదమ్మా. సావిత్రికి ఆ వెసులుబాటు దొరకలేదన్నదే నా బాధ. ఇంటి తలుపు వేసుకోవాలన్నా ముందు ఇల్లు మిగలాలి కదా.

ఖరగ్‌పూర్ కోడలు:
అది మాత్రం నిజం. అయితే ఆ కోపం సుచిత్ర మీద చూపిస్తే ఎలా?

బెజవాడ బాల్కనీ:
సరే, నర్సు సినిమా ఆఖరి పది నిమిషాలకీ మార్కులు వేస్తున్నా. 'ఆంధీ'లో ఆ బెంగాలీ యాస హిందీకి మాత్రం వేయను, ఎవరెన్ని చెప్పినా.